చిక్కుడు గింజ మీద పగబట్టిన మనిషి

హిందూపురంలో మా పాత కాలేజీ గేటుకు కట్టిన ఫ్లెక్సీని ఎవరో ఫోటో తీసి పొద్దున్నే నా ఫోనుకు పంపారు. పైన పెద్ద అక్షరాలతో శ్రద్ధాంజలి అని ఉంది. మధ్యలో జువాలజీ సార్ ఫోటో. పక్కనే, ఆయన సబ్జెక్టుకు గుర్తుగా ఉంటుందని కాబోలు, ఫ్లెక్సీ షాపువాడు ఇంటర్నెట్టులో దొరికిన మైటోకాండ్రియా బొమ్మ ఒకటి అతికించాడు. చిక్కుడు గింజను నిలువునా కోసి లోపల ముడతలు పెట్టినట్టు, ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుందే, అదే బొమ్మ. పోయిన మనిషిని ఇంతకంటే అవమానించడం ఎవరివల్లా కాదు. నాకు ముందు కోపం వచ్చింది. తరవాత నవ్వు వచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపు వచ్చింది.

నేను ఆ కాలేజీలో తెలుగు లెక్చరర్‌గా పనిచేశాను. పదో తరగతిలో సైన్సు గట్టెక్కిన రోజే దానికి దణ్ణం పెట్టి వచ్చేశాను. అయినా మైటోకాండ్రియా గురించి నాకు తెలిసినంత ఈ జిల్లాలో ఇంకే తెలుగు మాస్టరుకూ తెలియదని ఒట్టేసి చెప్పగలను. కారణం ధర్మవరం నుంచి హిందూపురం పోయే పొద్దుటి పాసింజరు. సార్‌దీ నాదీ ధర్మవరమే. పదకొండేళ్లు ఒకే పెట్టెలో ఎదురెదురుగా కూర్చుని పోయి వచ్చాం. నాకు పారిపోయే దారి లేదు.

మన ఒంట్లో ప్రతి కణం లోపలా తిండిని శక్తిగా మార్చిపెట్టే బుల్లి భాగాలు ఉంటాయి, అవే మైటోకాండ్రియాలు. ఇంతవరకు అందరికీ తెలుసు. అవి చిక్కుడు గింజ ఆకారంలో ఉంటాయని కూడా అందరికీ తెలుసు. ఆ రెండో మాట దగ్గరే సార్‌కు ఒళ్లు మండేది.

“ఏమప్పా తెలుగు మాస్టరూ, మనిషి ఎట్లుంటాడో రాయమంటే నువ్వేం రాస్తావు? రెండు కాళ్ల మీద నిలబడి ఉంటాడని రాస్తావా? వాడు పనుకోడా? గొంతుక్కూర్చోడా? ఒంగి చెప్పులు తొడుక్కోడా?”

“అన్నీ చేస్తాడు సార్.”

“మరి దీన్ని మాత్రం గింజను చేసి ఎందుకు పెట్టినారు? ఇది బతికిండే కణంలో నిమిషం ఊరికే ఉండదు. సాగుతాది, ఒకదానికొకటి అంటుకుంటాది, తెగుతాది, మళ్లీ కలుస్తాది. ఒక తావ దారం, ఒక తావ వల, ఒక తావ ముద్ద. గింజంట, గింజ.”

ఈ సాగడం, అంటుకోవడం, తెగడం ఆయన నోటితో చెప్పి ఊరుకునేవారు కాదు. పది వేళ్లూ ఒకదానిలోకి ఒకటి జొనిపి, విడదీసి, వంచి, చాచి చూపించేవారు. చూపించీ చూపించీ అలవాటైపోయింది. టీ చెప్పేటప్పుడు, టికెట్ తీసేటప్పుడు, ప్రిన్సిపాల్ తిడుతున్నప్పుడు కూడా వేళ్లు వాటి పని అవి చేసుకుంటూ ఉండేవి.

చిక్కుడు కాయ మీద కూడా ఆయనకు పగే. ఇంట్లో చిక్కుడు కాయ కూర చేసిన రోజు క్యారియర్‌లో ఆ గిన్నె నా ముందుకు జరిగి వచ్చేది. “దాని మొగం చూస్తే ముద్ద దిగదప్పా” అనేవారు. అలా పదకొండేళ్లు చిక్కుడు కాయ కూర నేను తిన్నాను. అక్క చేతి వంట అమృతంలా ఉండేది. అక్క అంటే సార్ భార్య. ఈ పగ ఎప్పటికీ చల్లారకూడదని నేను లోలోపల కోరుకునేవాణ్ణి.

ఒకరోజు ఆయన నిలువెత్తు పొట్లకాయతో రైలెక్కారు. జనం ఆ కాయకు దారి ఇచ్చారు. క్లాసులో దాన్ని అడ్డంగా తరిగి ఒక చక్రం పైకెత్తి పట్టుకుని, “పొట్లకాయ ఎప్పుడూ చూడనోనికి ఈ ముక్క చూపిస్తే ఏమంటాడు? పొట్లకాయ చేతిగాజు మాదిరి ఉంటాదంటాడు. పుస్తకంలో బొమ్మ గీసినోళ్లు చేసిందీ ఇదే. కణాన్ని చంపి, ఎండబెట్టి, పల్చగా తరిగి, ఆ తునక చూసి గింజ అన్నారు. చచ్చినోని మొగం చూసి బతికినోని గురించి చెప్తే ఎట్లప్పా?” అని అడిగారట. ప్రశ్న సంగతేమో గానీ, పిల్లలు పొట్లకాయ ముక్కలు మాత్రం ఇళ్లకు పట్టుకుపోయారు.

స్టాఫ్ రూములో కూడా ఆయన ఊరుకునేవారు కాదు. పసిపిల్లల వీపు దగ్గర గోధుమరంగు కొవ్వు ఉంటుందట. దానిలోని మైటోకాండ్రియాలు మిగతావాటిలా శక్తిని దాచిపెట్టకుండా, చలికి పిల్లలు వణక్కుండా వేడి పుట్టించి పారేస్తాయట. ఇది చెప్పి, ప్రిన్సిపాల్ గది వైపు చూసి, “మనకూ ఒకటి ఉండాది. పని జరగదు, వేడి మాత్రం పుడతాది” అన్నారు. తలుపు తీసే ఉంది. ఆ నెల ఇన్విజిలేషన్ డ్యూటీలన్నీ సార్‌కే పడ్డాయి.

ఇంకోసారి పెనుకొండలో ఒక అవ్వ ఎక్కి సార్ పక్కన కూర్చుంది. పాపం చాలాసేపు ఆ వేళ్లను చూసింది. చూసి చూసి, “నాయనా, వేళ్లకు వాయువు పట్టినట్లుండాది. ఆముదం కాచి రాసుకో” అంది.

సార్ ఆవిడ వైపు తిరిగి కూర్చున్నారు. అవ్వ పని అయిపోయిందనుకున్నాను.

“ఇది రోగం కాదవ్వా. మన లోపల ఉండే ఒకదాని సంగతి చెప్తాండా. అది నీకు మీ యమ్మ దగ్గర నుంచి వచ్చింది. మీ యమ్మకు వాళ్లమ్మ దగ్గర నుంచి. ఇంకెవరూ ఇచ్చేది లేదు.”

అవ్వ ఒళ్లోని సంచి పక్కన పెట్టింది. “అంటే మా యమ్మ నాలో ఉండాదా?” అని అడిగింది.

“ఉండాది. ఒళ్లంతా ఉండాది.”

అవ్వ తన ముంజేతిని ఒకసారి తడుముకుంది. కళ్లు తుడుచుకుంది. తరవాత అనుమానంగా, “మరి మా నాయన?” అంది.

“ఈ లెక్కలో మీ నాయన రాడవ్వా.”

“మంచిదే అయింది. తాగుబోతోడు” అని అవ్వ సంచిలోంచి రెండు జామకాయలు తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన పాఠం విని మనస్ఫూర్తిగా సంతోషించిన మనిషి నేను చూసినంతలో ఆ అవ్వే. ఇంట్లో ఆయనకు అంత భాగ్యం లేదు. దానికి కారణం పెళ్లిచూపుల్లో జరిగింది. కుర్రవాడు ఏం చదివాడని కాబోయే మామగారు అడిగితే, ఈయన ఉత్సాహంగా అసలు విషయానికి వచ్చి, “పుట్టే బిడ్డలకు మైటోకాండ్రియా అంతా మీ అమ్మాయిదే వస్తాది. నా దగ్గర నుంచి ఒక్కటీ రాదు” అన్నారట. పెద్దలు ముఖాలు చూసుకున్నారు. అబ్బాయిలో ఏదో లోపం ఉందని, పాపం నిజాయితీగా తనే చెప్పేశాడని అనుకున్నారు. డాక్టరు దగ్గరికి తీసుకుపోయి చూపించి, ఏ లోపమూ లేదని తేల్చుకునేసరికి పెళ్లి రెండు నెలలు ఆగింది. ఆ రెండు నెలలూ ఊరు అక్కను ఏమేం అడిగిందో అక్కకే తెలుసు. మళ్లీ కూతురి బారసాల నాడు సార్ మైకు పట్టుకుని అదే మాట అన్నారు. అప్పటినుంచి సార్ చేతికి మైకు వచ్చే చోటికి అక్క రావడం మానేసింది. కాలేజీ వార్షికోత్సవాలు ఎన్ని జరిగినా ముందు వరసలో ఆయన పక్క కుర్చీ ఖాళీగానే ఉండేది.

ఆ కుర్చీ సంగతి సార్ ఎప్పుడూ ఎత్తేవారు కాదు. రిటైరయ్యే ఏడు మాత్రం రైల్లో ఉన్నట్టుండి అన్నారు.

“ముప్పై మూడేళ్లు చెప్పినానప్పా. ఊరందరికీ చెప్పినా. మా ఇంట్లోవాళ్లు ఒక్కసారి కూడా ఆడికొచ్చి కూర్చోలేదు. ఇదే ఆఖరు మీటింగు. ఈసారన్నా రావల్ల.”

వేళ్లు కదలడం లేదు కాబట్టి ఇది తమాషా కాదని నాకు అర్థమైంది. ఆ సాయంత్రం ఆయనతో పాటు నేనూ ఇంటికి వెళ్లాను, తోడుగా. అక్క ఇద్దరికీ టీ ఇచ్చి, విషయం విని, నా వైపు తిరిగి చెప్పింది.

“వస్తా. కానీ మైకు పట్టుకుని ఆయన ఆ మాట అనకూడదు. అన్నారంటే నడి మీటింగులో లేచి వచ్చేస్తా. నువ్వే సాచ్చి.”

“ఏ మాట అక్కా?” అన్నాను, తెలిసే.

“నా నోటితో అనిపియ్యొద్దు.”

సార్ చెయ్యి చాచి ఒట్టేశారు. ఆ రాత్రి ఆయన అన్నం తిన్నారో లేదో నాకు తెలియదు. పొద్దున రైల్లో మాత్రం ముఖం వెలిగిపోతోంది.

“నోటితో అననని ఒట్టేసినానప్పా. మీ యక్క కట్టుకునే చీర అనొచ్చు గదా.”

మా చిన్నాయన ధర్మవరంలో పేరున్న నేతగాడు. మా నాయన తమ్ముడు. గుంట మగ్గంలో కూర్చుంటే లోకం మునిగినా తల ఎత్తడు. సార్ ఒక గ్రాఫ్ పేపర్ల కట్ట తీసుకుని నాతో ఆయన దగ్గరికి వచ్చారు. చీర ఒంటినిండా జరీ బుటాలు రావాలి. కానీ మామిడి పిందెలు కాదు, నెమళ్లు కాదు. చిన్నాయన కళ్లద్దాలు పెట్టుకుని కాగితాలు చూశాడు.

“ఇవేం పురుగులు సార్?”

“పురుగులు కాదన్నా. మన లోపల ఉండేటివి. ఇదో, ఇవి గుండెకాయలోవి. కండ పోగుల మధ్య సందు లేకుండా బారులు తీరి నిలబడతాయి. ఇవి లివర్లోవి, గుండ్రంగా ఉంటాయి. ఇది నరంలోది, ఈ కొస నుంచి ఆ కొసకు పోతా వస్తా ఉంటాది. ఇది చర్మం కిందది, పొడుగు దారం, కొమ్మలు చీలుతాది.”

“ఈ స్ప్రింగు?”

సార్ గొంతు తగ్గించారు. “అది మగోళ్ల బీజకణంలోది. తోక మొదట్లో చుట్టుకోనుంటాది. అది ఇంట్లో చెప్పొద్దు.”

“ఈడ ఖాళీ ఇడిసినారే?”

“అది ఎర్ర రక్త కణం. దాన్లో అసలుండవు.”

చిన్నాయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన ఇబ్బంది నాకు తెలుసు. మగ్గానికి జకార్డు యంత్రం పెట్టి, బొక్కలు పొడిచిన డిజైను అట్టలు తగిలిస్తే ఒక బుటా ఎలా వస్తే చీరంతా అలాగే వస్తుంది. ఏ రెండూ ఒకేలా ఉండకూడదంటే అట్టలు పనికిరావు. చిన్న చిన్న జరీ కండెలు పట్టుకుని ఒక్కొక్క బుటానూ చేత్తో ఎక్కించాలి. కానీ ఆయన బాధ శ్రమ గురించి కాదు.

“సార్, మీరు పెద్దోళ్లు. ఒకమాట చెప్తా ఇనండి. మా తావ ఒక బుటా పెద్దది, ఒక బుటా చిన్నది వస్తే నేసినోని చెయ్యి వణుకుతాందంటారు. ఖాళీ వచ్చిందంటే కండ్లు కూడా పోయినాయంటారు. నాకిప్పుడు అరవై దాటినాయి. ఈ చీర నలుగురూ చూసినారంటే నాకు ఇంక మగ్గం మీద ఎవరూ పట్టు పెట్టరు.”

“అన్నా, ఒకే మాదిరి నేస్తే అది అబద్ధమవుతాది.”

చిన్నాయనకు ఈ మాట నచ్చినట్టు లేదు. ఆయన లెక్కలో ఒకే మాదిరి ఉండటమే నిజం. అయినా సార్ ముఖం చూసి కాదనలేకపోయాడు. “సరే సార్, ఇడిసిపెట్టి పోండి” అన్నాడు.

చీర మీటింగు రోజు పొద్దున్నే వచ్చింది. మడత పెట్టి కాగితంలో చుట్టి, చిన్నాయనే స్వయంగా సార్ ఇంటికి తెచ్చాడు. రైలుకు పోవాలని నేనూ అక్కడికి చేరాను. కొత్త చీర కొసకు పసుపు పెట్టనిదే విప్పరు కాబట్టి సార్ కాగితం మీద చెయ్యి కూడా వేయలేదు. అక్క పసుపు రాసి మడతలు విప్పింది.

చీరంతా మామిడి పిందెలే. అచ్చులో పోసినట్టు ఒక్క వెంట్రుకవాసి తేడా లేకుండా, బారు వెంట బారు, మూరల కొద్దీ మామిడి పిందెలు. లోపలి కొసన, నడుము దగ్గర దోపుకునే చోట మాత్రం ఆరు వేరు వేరు బుటాలు ఉన్నాయి. దారం ఒకటి, స్ప్రింగు ఒకటి, ముద్ద ఒకటి.

చిన్నాయన చేతులు కట్టుకుని వినయంగా చెప్పాడు.

“ఆరు నేసినాక చూసుకుంటే నాకే మనసొప్పలేదు సార్. మీరేమో పాఠాలు చెప్పే మనిషి, బొమ్మలెయ్యను వచ్చునో రాదో. చెయ్యి అటూ ఇటూ పోయింటాది. నలుగురి ముందర మీకు తలవంపులెందుకని అన్నీ సరిచేసి సమంగా దించినా.”

నేను సార్ ముఖం చూడలేక గోడ మీది క్యాలెండర్ చూశాను. ముప్పై మూడేళ్లు ఏ తప్పు మీదైతే ఆయన కయ్యానికి కాలు దువ్వారో, సరిగ్గా ఆ తప్పు ఆయన సొంత ఇంట్లో, అసలు జరీతో, అక్క చేతుల్లో ఉంది. చిన్నాయనను ఆయన కొట్టినా నేను అడ్డుపడేవాణ్ణి కాదు.

“బాగుండాదన్నా” అన్నారు సార్. “శానా బాగుండాది.”

హిందూపురం దాకా ఆయన వేళ్లు కదలలేదు. ఆ చీరే కట్టుకున్న అక్క మాత్రం ఒడిలో కొంగు పరుచుకుని, బుటాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది.

మీటింగు హాలు నిండిపోయింది. పాత విద్యార్థులు కూడా వచ్చారు. ముందు వరసలో ఆ కుర్చీలో అక్క కూర్చుంది. సార్ మైకు దగ్గరికి వచ్చి ప్రిన్సిపాల్‌కు కృతజ్ఞతలు చెప్పారు. అటెండరుకు చెప్పారు. క్యాంటీన్‌లో టీ బాగుంటుందన్నారు. అది పచ్చి అబద్ధం. తరవాత ఆగిపోయారు. ఆయన దగ్గర వేరే విషయం లేదు. రెండు నిమిషాలు కూడా కాలేదు.

వెనక నుంచి ఒకతను లేచి, “సార్, ఆ మాట ఒక్కసారి చెప్పండి సార్. దానికోసమే బెంగళూరు నుంచి వచ్చినా” అన్నాడు. హాలంతా నవ్వింది. సార్ అక్క వైపు చూశారు. తల అడ్డంగా ఊపారు. మైకు ప్రిన్సిపాల్‌కు ఇవ్వబోయారు.

అక్క లేచింది. ఆ మాట అనకముందే వెళ్లిపోతోందనుకున్నాను. ఆవిడ స్టేజీ మీదికి నడిచి వచ్చి, “ఇట్లీండి” అని మైకు తీసుకుంది. ఆవిడ జన్మలో మైకు పట్టుకున్నది అదే మొదటిసారి. కొంగు చాపి పిల్లలకు చూపించింది.

“ఇవి మైటోకాండ్రియా అంట. మీ సార్ నేయిచ్చినారు. అన్నీ ఒకటే మాదిరి ఉండాయి చూడండి. ఇది తప్పు. నిజమైనవి ఆరు ఉండాయి గానీ అవి నేను చూపియ్యలేని తావ పడినాయి.” హాలు మళ్లీ నవ్వింది. ఆవిడ నవ్వలేదు. “బతికిండేవి ఇట్ల అచ్చు పోసినట్లుండవు. అంటుకుంటాయి, తెగుతాయి. నరంలో అటూ ఇటూ తిరుగుతాయి. లివర్లో బారులు తీరి నిలబడతాయి. గుండెకాయలో గుండ్రంగా ఉంటాయి. రక్తంలో ఎర్ర కణానికి అస్సలుండవు. మా పాపకు నావే వచ్చినాయి. చిక్కుడు గింజ అని రాసినోనికి మార్కులు ఎయ్యొద్దు.”

అని మైకు సార్ చేతిలో పెట్టి దిగిపోయింది.

చప్పట్లు ఎంతసేపు మోగాయో చెప్పలేను. నేనూ కొట్టాను, కానీ కొడుతూ కొడుతూ ఆగిపోయాను. అక్క గుండెనూ లివర్‌నూ తారుమారు చేసింది. గుండెలోవి కదా బారులు తీరేది. లివర్లోవి కదా గుండ్రంగా ఉండేది. పదకొండేళ్లు విన్నవాణ్ణి, నాకే తెలిసిపోయింది. సార్‌కు తెలియకుండా ఉంటుందా? టీవీలో డాక్టరు తప్పు చెబితే టీవీ వాళ్లకు ఉత్తరం రాసే మనిషి. ఆయన చేతిలో మైకు ఉంది. మైకు ఆన్‌లోనే ఉంది. పెదాలు విడివడ్డాయి కూడా.

ఆయన మైకు కట్టేశారు.

సాయంత్రం పాసింజరులో ముగ్గురం ఇంటిదారి పట్టాం. పెనుకొండ దాటేసరికి అక్క కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. దండల బరువుకో ఏమో సార్ కూడా కళ్లు మూసుకుని ఉన్నారు. నేను ఆగలేక ముందుకు వంగి చిన్నగా అడిగాను.

“సార్, గుండెది, లివర్ది. అక్క అటుదిటు చెప్పింది.”

“ఇన్న్యానప్పా.”

“మరి దిద్దలేదే?”

ఆయన కళ్లు తెరిచి, నిద్రపోతున్న మనిషిని లేపకుండా ఆవిడ కొంగును కిటికీ చువ్వకు తగలకుండా సర్దారు.

“బతికిండే కణంలో అవి ఎప్పుడెట్లుంటాయో ఎవరు చెప్పొచ్చారప్పా” అన్నారు. “వేరేవాళ్ల సంగతి నాకు తెలీదు. నా గుండెకాయలో మాత్రం ఆ టైంకు అన్నీ గుండ్రంగానే ఉండినాయి.”